ఐదే ఐదు మార్పులు

రండి, ఇటు దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ కబుర్లు కాసేపు ఆపండి, వెనక నిలబడ్డవాళ్లకి కూడా వినబడాలి. ఇంట్లో బిగించుకున్న కంప్యూటర్లో సినిమా చూడటం మనిషి హక్కు కాదు, కంప్యూటర్ దయ. ఈ సంగతి మా ఇంటిల్లిపాదికీ ఒక్క మధ్యాహ్నంలో తెలిసొచ్చింది.

మా అత్తగారు పెళ్లికి ముందు ఒక సినిమాలో నటించారు. రైల్వే స్టేషన్ గుంపులో పెట్టె పట్టుకుని అటు నుంచి ఇటు నడుస్తారు. మొత్తం మూడు సెకన్లు. ఆ మూడు సెకన్ల గురించి ఆవిడ నలభై ఏళ్లుగా చెబుతున్నారు, మామగారు నలభై ఏళ్లుగా "కోతలు" అంటున్నారు. ఇన్నాళ్లకి ఆవిడ చెల్లెలికి ఎక్కడో పరాయి దేశపు కొట్టులో ఆ డీవీడీ దొరికి, పార్సిల్లో వచ్చింది. అత్తగారు వీధినంతా పిలిచేశారు. కుర్చీలు చాలక ఎదురింటి దర్జీ తన మిషను ముందరి స్టూలు మోసుకొచ్చాడు.

కంప్యూటర్ మా బావమరిది విడిభాగాలు కొనుక్కొచ్చి సొంతంగా బిగించింది. (బిగించాక నాలుగు స్క్రూలు మిగిలాయి. కంపెనీవాళ్లు అభిమానం కొద్దీ ఎక్కువిచ్చారని వాడి వాదన.) డిస్కు పెట్టగానే తెర మీద తాఖీదు వచ్చింది. ప్రపంచాన్ని ముక్కలు చేశాం, ఒక ముక్కలో అమ్మిన డిస్కు ఇంకో ముక్కలో ఆడదు, మీ ప్రాంతం ఏదో చెప్పండి, ఐదుసార్లే మార్చుకోవచ్చు, ఆ తర్వాత చచ్చేదాకా అదే.

"మనం ఉన్నదే కదా బావా," అని వాడు మన ప్రాంతం నొక్కాడు. ఆడలేదు. ఒకటి పోయింది.

మామగారు డీవీడీ అట్ట చూశారు. "పైన మంచుకొండ వేశాడు. ఏదైనా చలి దేశం పెట్టరా." రెండోది పోయింది.

నేను సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. అరగంట సన్నాయి వినిపించాక ప్రాంత మార్పుల ఉప పర్యవేక్షకుడుగారు లైన్లోకి దయచేశారు.

"కంప్యూటర్ కొన్నదా, బిగించిందా?"

"బిగించిందండీ."

"అయితే బిగించినవాణ్ణి అడగండి."

"పక్కనే ఉన్నాడండీ. వాడే మిమ్మల్ని అడగమన్నాడు."

ఆయన మొదట పెట్టిందే మళ్లీ పెట్టి చూడమన్నారు. మూడోది పోయింది. అసలు మార్పు జరుగుతోందో లేదో పరీక్షిద్దామని బావమరిది నాలుగోది వాడాడు. జరుగుతోందని తేలింది.

ఇక ఒక్కటే మిగిలింది.

"ఆపెయ్యవే. ఉన్న పరువైనా మిగులుతుంది," అన్నారు మామగారు.

అత్తగారు ఆయన చేతిలోంచి అట్ట లాక్కుని వెనక్కి తిప్పారు. "ఇక్కడ భూగోళం బొమ్మేసి మధ్యలో అంకె రాశాడు. ఇదేంటి అల్లుడూ?"

అదే ప్రాంతం నంబరు. (అట్ట వెనక చదవాలన్న నిబంధన మాకెవరూ పంపలేదు.) నొక్కాం. సినిమా ఆడింది. వీధంతా చప్పట్లు కొట్టింది.

గంట గడిచాక స్టేషన్ వచ్చింది. రైలు ఆగింది, గుంపు దిగింది. "అదిగో, నేనే," అంటూ అత్తగారు లేచి నిలబడ్డారు. సినిమాని ఆడిస్తున్న సాఫ్ట్‌వేర్ ఉచితంగా దించుకున్నది. సరిగ్గా అప్పుడే అది తెర మధ్యలో ఒక బోర్డు దించింది: "అసలు ప్రతిని కొనండి." బోర్డు కింద రెండు కాళ్లు, ఒక పెట్టె అటు నుంచి ఇటు నడిచి వెళ్లిపోయాయి. వెనక్కి తిప్పాం. బోర్డు కూడా వెనక్కి వచ్చింది.

"పెట్టెదేముందే, ఎవరైనా మోస్తారు," అన్నారు మామగారు.

అత్తగారు మెల్లగా కూర్చున్నారు. అప్పుడు దర్జీ తన స్టూలు చంకలో పెట్టుకుని లేచాడు.

"అంత గుంపులో ఆ కంపెనీవాడు ఏరి ఏరి అమ్మగారి మొహం మీదే బోర్డు పెట్టాడంటే, గిరాకీ ఉన్న మొహమని వాడికి ముందే తెలుసన్నమాటేగా."