రాజనర్సు చెవి మిషను, గోపాల్ రావు బీమా

గోదావరి ధర్మపురి మెట్లన్నీ ఎక్కి ఊళ్లోకి వచ్చిన పెద్ద వరద తర్వాత ఎనిమిదో ఏడు అది. పల్లెల్లో అన్నల, అంటే నక్సలైట్ల, మాటే తీర్పుగా నడుస్తున్న కాలం. కోరుట్లలో చెవి మిషన్ల దుకాణం నడిపే గోపాల్ రావు ఆ పొద్దున భార్య దమయంతితో కొండగట్టుకు బయలుదేరుతున్నాడు. కొత్త బండి కొన్నవాళ్లు బండికి పూజ చేయిస్తారు. గోపాల్ రావు తన కొత్త బీమా కాగితానికి చేయించబోతున్నాడు.

ఆ కాగితం అంటగట్టింది దమయంతి తమ్ముడు జగన్మోహన్ రావు. జగిత్యాలలో బీమా ఏజెంటు. "బావా, నీ పనిల తప్పు జరిగిందని ఎవలన్న కేసేస్తె నువ్వు నిమ్మలంగ పండుకో. నీ ఎనుక మా కంపెనీ ఉంటది, నేనుంట" అని నెల రోజులు వెంటపడి సంతకం పెట్టించాడు. పూజకు తానూ వస్తానని పొద్దున్నే దిగి, ఇప్పుడు వంటింట్లో సర్వపిండి తింటున్నాడు.

గోపాల్ రావు కొబ్బరికాయ సంచిలో పెడుతుండగా వాకిట్లో ఒక గొంతు లేచింది. వీధంతా ఉలిక్కిపడే గొంతు. రుద్రంగి ఊరి నుంచి వచ్చిన ఐలవ్వది. ఆమె భర్త రాజనర్సు సిరిసిల్లలో సాంచెలనే మరమగ్గాల మీద బట్ట నేసి నేసి, ఆ చప్పుడుకు చెవులు పోగొట్టుకున్నవాడు. అదే షెడ్డులో ఐలవ్వ నూలు కండెలు చుట్టేది. పోయిన నెలే గోపాల్ రావు అతనికి జేబులో డబ్బా, చెవిలోకి వైరు ఉండే మిషను పెట్టాడు.

"దొరా! నీ మిషిని పెట్టినకాడికెళ్లి మా ముసలోడు నాతోని మాట్లాడుతలేడు! ఉత్తగ పెదవులాడిస్తడు. తిడ్తున్నడో, మంత్రాలు చదువుతున్నడో! నా సంసారం కరాబు చేసినవ్!"

"కూసో ఐలవ్వా, మంచినీళ్లు తాగు."

ఐలవ్వ కూర్చోలేదు, నీళ్ల వైపు చూడలేదు. "అన్నలకు చెప్పిన! పగటికి మా ఊరి మామిడితోటల పంచాయితి. నిన్ను రమ్మన్నరు!"

గోపాల్ రావు చేతిలోని కొబ్బరికాయ జారి గడప మీద రెండు ముక్కలైంది. పుట్టింది దొరల ఇంట్లో. ఊరు విడిచి కోరుట్ల చేరిందే అన్నల భయానికి. ఇప్పుడు ఆ పిలుపే ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"పోకుంటె ఏమైతది?" అన్నాడు.

"వాళ్లే వస్తరు" అంది దమయంతి. "కొబ్బరికాయ ఈడ్నే కొడితివి, ఇగ కొండగట్టెందుకు? మా తమ్మున్ని తోలుకొని పో."

వంటింట్లో సర్వపిండి నమలడం ఆగింది. "బావా, పాలసీల కోర్టులు రాసున్నయి. మామిడితోటలు లేవు!"

"నా ఎనుక ఉంటనన్నవు గదా. చెప్పులేసుకో."

కథలాపూర్ దాటాక రుద్రంగి బస్సును పోలీసులు ఆపారు. ఎస్సై గోపాల్ రావు దుకాణం సంచి విప్పాడు. డబ్బాలు, వైర్లు, బ్యాటరీలు! "అరే, వైర్లెస్ సెట్లు! ఎవలికి మోస్తున్నర్రా?"

"చెవి మిషన్లు సార్! మీరే సూడుండ్రి" అంటూ గోపాల్ రావు ఒకటి ఎస్సై చెవిలో పెట్టి, చప్పుడు పెంచే మీటను చివరిదాకా తిప్పాడు. జీపు వెనుక ఇద్దరు కానిస్టేబుళ్లు గుసగుసలాడుకుంటున్నారు. "మనోనికి ఇంట్ల నాష్టా పుట్టనట్టున్నది, బస్సుల మీద పడ్డడు." ఎస్సై ముఖం ఎర్రబడింది. మిషను పీకి గోపాల్ రావు చేతిలో పెట్టి, జీపు వెనక్కి నడిచాడు. బస్సు డ్రైవరు ఇంకెవరినీ అడగకుండా గేరు వేశాడు.

మామిడితోటలో ఊరంతా కూర్చుని ఉంది. తుపాకి ఒళ్లో పెట్టుకున్న దళం నాయకుడు మల్లన్న తల ఎత్తాడు. "మిషినితోని సంసారం ఖరాబైందట. ఏమంటవ్? ఈయనెవలు?"

"నాకేం సంబంధం లేదన్నా! నేను ఉత్త ఏజెంటును!" అన్నాడు జగన్మోహన్ రావు.

"ఎవని ఏజెంటువు?"

పోలీసుల ఏజెంటేమోనని తోటలో తలలన్నీ ఇటు తిరిగాయి. జగన్మోహన్ రావు బావ వెనక్కి జరిగాడు. భయానికి గోపాల్ రావు మాట గుసగుసగానే వచ్చింది. "బీమా ఏజెంటన్నా... ఐలవ్వా, మిషిని వద్దంటె తీసుకపోత."

చెయ్యి చాపితే తగిలేంత దగ్గర నిలబడ్డ ఐలవ్వ అతని పెదవుల వైపే చూసింది. "సూసిండ్రా! ఈయన గూడ షురు చేసిండు! పెదవులాడిస్తున్నడు!"

గోపాల్ రావు భయం ఎటు పోయిందో పోయింది. సంచిలోంచి ఇంకో మిషను తీసి ఐలవ్వ చెవిలో పెట్టి, ఆమె వెనుక కూర్చున్న రాజనర్సు వైపు తిరిగాడు. "రాజనర్సు, నువ్వు రోజు మాట్లాడినట్టే ఓ మాట అను."

రాజనర్సు మామూలుగా అన్నాడు. "పొద్దటి సంది ఏమన్న తిన్నవానే?"

ఐలవ్వ ఎగిరిపడింది. "గిది నీ గొంతేనా? గింత మెల్లగనా?"

"మిషిని పెట్టంగనే నా ఒర్రుడు నాకే ఇనవడ్డది. సిగ్గయ్యి తగ్గిచ్చిన."

ఊరు ఊరంతా నవ్వింది. మల్లన్న నవ్వు ఆపుకుంటూ తీర్పు చెప్పాడు. "ఆ మిషిని ఐలవ్వకే. ఖర్చు బీమా కంపెనీ ఆయన పెట్టుకుంటడు." జగన్మోహన్ రావు మెడ విరిగేలా తల ఊపాడు. అతని చేతి మీదుగా ఒక క్లెయిము అంత తొందరగా తీరడం అదే మొదలు.

బస్సు కోసం నడుస్తుంటే వెనుక నుంచి ఐలవ్వ మాటలు మెల్లగా, స్పష్టంగా వస్తున్నాయి. "అయితె, నెల దినాల సంది నోట్లె నోట్లె నన్ను ఏమన్నవో, ఇప్పుడు మల్ల అను." గోపాల్ రావు నడక ఆగిపోయింది. ఇన్నాళ్లూ మిషను పనిచేయకపోతేనే ప్రమాదమనుకున్నాడు. ఒక్క మిషనుకే పంచాయితీ అయింది. ఇప్పుడా ఇంట్లో రెండున్నాయి.

మరుసటి రోజు పొద్దున మొదటి బస్సుకే జగిత్యాల పోయి, పాలసీ రెట్టింపు చేయించుకుందామని బామ్మర్ది తలుపు తట్టాడు. తలుపు తీసింది జగన్మోహన్ రావు భార్య కమల.

"ఆయన ఇంట్ల లేడన్నా" అంది.

గోపాల్ రావు చెవులకు ఏ లోపమూ లేదు. "ఊరికి పోయిండని గూడ చెప్పు" అన్న గుసగుస మంచం కింది నుంచి శుభ్రంగా వినబడింది.