సమన్వయ శాఖామాత్యుల చిలుక

"ప్రజలకూ ప్రభుత్వానికీ మధ్య ఇక ఈగంత అడ్డు కూడా ఉండబోదు" అని సమన్వయ శాఖ మంత్రి మాన్యశ్రీ చెన్నకృష్ణారెడ్డిగారు కర్నూలులో పత్రికలవారిని పిలిచి ప్రకటించారు. మాటంటే మాటే ఆయనది. ప్రకటన ముగిసిన అరగంటకు రాయచోటి పార్టీవారు వచ్చి ఆయనకొక చిలుకను బహూకరించారు.

కర్నూలు రాజధాని అయిన కొత్త. మంత్రిగారి కార్యాలయం ఒక గుడారం. అందులో ఒక కుర్చీ, ఒక బల్ల, బల్లకొక సొరుగు, బయట ఒక టెంపరరీ బంట్రోతు. బంట్రోతు పేరు నరసన్న, ఊరు కోయిలకుంట్ల. మార్చి ముప్పై ఒకటి సాయంత్రం అయిదింటికి టెంపరరీలందరినీ ఇంటికి పంపేస్తారని ఆర్డరొచ్చింది. అదృష్టం కొద్దీ నరసన్నను పర్మనెంటు చేసే కాగితం నానా బల్లలూ తిరిగి మంత్రిగారి సొరుగులోకి చేరింది. ఇక సంతకమే తరువాయి. పెళ్లాం గిడ్డమ్మ ఊరంతా చెప్పేసింది కూడాను.

చిలుక మంత్రిగారి చెయ్యి పట్టుకు ఎగబాకి, భుజమ్మీద కూర్చుని, కళ్లు అరమోడ్చింది. ఫైలుతో ముందుకొచ్చిన సెక్రటరీగారి వేలు నెత్తురొచ్చేలా కొరికింది.

"సూసినారా! ఇది నా మనిషి" అన్నారు మంత్రిగారు మురిసిపోతూ.

"చిలుకండి" అన్నాడు సెక్రటరీ వేలు చప్పరిస్తూ.

"మా ఎమ్మెల్యేల్లో ఒక్కడన్నా ఇట్ల ఉండాడా?"

సెక్రటరీ బాగా ఆలోచించి, లేడన్నాడు.

వారం తిరక్కుండానే చిలుక సొరుగులో కాపురం పెట్టింది. చెయ్యి పెట్టినవాడి వేలు వాడిది కాదు. పశువుల డాక్టరును పిలిపిస్తే ఆయన ఆరడుగుల దూరం నుంచి పరీక్షించాడు.

"ఇది తమర్ని జతగా ఎంచుకుందండి. సొరుగును గూడనుకుంటోంది. భుజం ఎక్కనివ్వకండి. సొరుగు మూసేయండి. నలుగురి చేతా మేత పెట్టించండి. లేకపోతే రేపు తమర్నే కరుస్తుంది."

"ఏమప్పా, విశ్వాసానికి మందేస్తావా?" అని మంత్రిగారు డాక్టరును ఆదోనికి బదిలీ చేశారు.

మర్నాడే ఉత్తర్వు వెలువడింది. సందర్శకులు ఆరడుగుల దూరాన నిలబడి, అర్జీలను అక్కణ్నుంచే సొరుగులోకి విసరాలి. వేంపల్లె వాళ్ల బావి అర్జీ అలాగే పడింది, బడికి పైకప్పు అడిగిన అయ్యవారి అర్జీ అలాగే పడింది. పడినదాన్ని పడినట్టే చిలుక పీలికలు చేసి కింద పరుచుకుంది. ఫిబ్రవరి నెలాఖరున మంత్రిగారు శాసనసభలో లేచి, తన శాఖలో పెండింగు కాగితం ఒక్కటంటే ఒక్కటి లేదన్నారు. సభ్యులు బల్లలు చరిచారు. తక్కిన మంత్రులు ఆ రాత్రికే రాయచోటికి మనుషుల్ని పంపారు.

నరసన్న ఒక్కడే ఆ సొరుగులోని తన కాగితాన్ని తలుచుకుని బెంబేలుపడ్డాడు.

డాక్టరు మాటలు గుడారం గుడ్డ అవతల నిలబడి విన్నవాడు అతనొక్కడే. మంత్రిగారు భోజనానికి వెళ్లడం తరువాయి, వేరుశనగ కాయలు పట్టుకుని లోపల గొంతుక్కూర్చునేవాడు. "తినప్పా, బుడ్డలు తిను. నా కాయితం ఒక్కటి ఇడ్సిపెట్టు సామీ, పిల్లోళ్లు గలోన్ని" అని బతిమాలేవాడు. రోజుకొక జానెడు ముందుకు జరిగాడు. మూడు వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకున్నాడు. అయినా మానలేదు మహానుభావుడు.

మార్చి ముప్పై ఒకటి పొద్దున చిలుక అతని చేతిలో కాయ అందుకుంది. మెల్లగా చెయ్యి పట్టుకు ఎగబాకి, భుజమ్మీద కూర్చుని, కళ్లు అరమోడ్చింది. నరసన్న సొరుగులో చెయ్యి పెట్టాడు. అడుగున ఉంది కాగితం! ఒక మూల కొరికేసి ఉన్నా అక్షరాలన్నీ భద్రంగా ఉన్నాయి. నరసన్నకు ఏడుపొచ్చేసింది.

అప్పుడే మంత్రిగారు లోపలికొచ్చారు.

"సామీ, ఒక్క సంతకం!"

మంత్రిగారు దయతో పెన్ను తీసి ముందుకొచ్చారు. చిలుక నరసన్న భుజం మీంచి సాగి ఆయన వేలు పట్టుకుంది. పెన్ను కింద పడింది. "ఓయమ్మా! ఏయ్, నేనే!" అని ఆయన ఇంకో అడుగు వేస్తే ఈసారి ముక్కు పట్టుకుంది. మాన్యశ్రీ చెన్నకృష్ణారెడ్డిగారు వెనక్కి నడిచి, కొలిచినట్టు ఆరడుగుల దూరంలో ఆగారు. నరసన్నను మొట్టమొదటిసారి ఎగాదిగా చూశారు.

"నువ్వు ఏ వర్గమప్పా?"

"టెంపరరీ, సామీ."

మధ్యాహ్నానికల్లా ఎనిమిదిమంది ఎమ్మెల్యేలు నరసన్న కోసం పూలదండలతో వచ్చి ఆరడుగుల దూరాన వరసగా నిలబడ్డారు. మంత్రిగారు ఉత్తర్వును గౌరవించే మనిషి. 'నా కుర్చీ దగ్గరికి నన్ను పోనివ్వవలసిందిగా ప్రార్థన' అని అర్జీ రాసి, గురి చూసి సొరుగులోకి విసిరారు. చిలుక దిగివచ్చి దాన్ని పీలికలు చేసి, మళ్లీ నరసన్న భుజమెక్కింది.

గడియారం అయిదుకు దగ్గరపడింది. నరసన్న సెక్రటరీ వైపు తిరిగాడు.

"సార్, టయిం అయిపోతాండాది. ఈ కాయితం మీద సంతకం ఎవరు పెడ్తారు? నేను ఇంటికి పోయి మా గిడ్డమ్మకు ఏం జెప్పేది?"

సెక్రటరీ ఆరడుగుల దూరం నుంచి చేతులు జోడించాడు.

"తమరొక అర్జీ పెట్టుకోండి సార్. సొరుగులో వేయిస్తాను."

చిలుక మెడ సాచి, నరసన్న చేతిలోని కాగితం రెండో మూల కొరకడం మొదలుపెట్టింది.