ఈరోజు ఎక్కువగా వెతికిన పేర్లు

మధ్యాహ్నం మూడింటికి ఇంటర్వ్యూ. రికార్డుల విభాగాధిపతి పోస్టు కోసం పెద్ద గుమాస్తా పదకొండేళ్లుగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని బీరువాగారు అంటారు. ఎవరి కాగితం ఏ బీరువాలో, ఏ అరలో, ఎన్నో కట్టలో ఉందో కుర్చీలోంచి లేవకుండా చెప్పగలడు కనుక ఆ పేరు స్థిరపడింది.

"చేరిన తేదీ అడుగుతారేమో, ఒకసారి చూసుకోండి. లోకంలో అందరి తేదీలూ మీకు గుర్తే, మీది తప్ప," అంది భార్య చొక్కా ఇస్త్రీ చేస్తూ. నిజమే. అందుకే ఆ రోజు అరగంట ముందే ఆఫీసుకు వెళ్లి తన రికార్డు చూసుకోవాలనుకున్నాడు.

తన రికార్డున్న బీరువా తాళం మేనేజరు దగ్గరుంది. మేనేజరు ఇంకా రాలేదు. ఇక మిగిలింది కొత్త సాఫ్ట్‌వేర్. అది వచ్చి తొమ్మిది రోజులైంది. పేరు కొడితే చాలు, ఆ మనిషి పుట్టుపూర్వోత్తరాలన్నీ తెర మీదకొస్తాయి. బీరువాగారికి దాన్ని చూస్తేనే ఒళ్లు మండేది. ఇప్పుడు వేరే గతిలేక తన పేరు కొట్టి మీట నొక్కాడు. తెర మీద చిన్న చక్రం తిరగసాగింది. ఆయన సర్వీసులో ఏ కాగితమూ ఒక్కసారి అడిగితే వచ్చింది లేదు. అందుకని మళ్లీ నొక్కాడు, మళ్లీ మళ్లీ నొక్కాడు. పద్నాలుగోసారికి తేదీ వచ్చింది. చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఆయనకు తెలియనిదేమిటంటే, ఆ సాఫ్ట్‌వేర్ 'ఈరోజు ఎక్కువగా వెతికిన పేర్లు' అని ఒక జాబితా కూడా చూపిస్తుంది. ఉత్సాహం కొద్దీ మేనేజరు ఆ జాబితాను గుమ్మం దగ్గరి పెద్ద టీవీలో పెట్టించాడు. పది గంటలకు ఆఫీసు నిండేసరికి అందులో ఒకటే పేరు, పక్కన పద్నాలుగు అనే అంకె.

"పొద్దున్నే ఎవరో బీరువాగారి రికార్డు పద్నాలుగుసార్లు తీశారండీ," అంది రిసెప్షనిస్టు.

"ఒకసారి తీస్తే పనుండి. పద్నాలుగుసార్లు తీశారంటే విచారణే," అన్నాడు క్యాషియరు. అదేం విచారణో చూద్దామని తనూ ఒకసారి వెతికాడు. ఏమీ దొరక్కపోవడంతో అనుమానం బలపడి పక్కవాళ్లకు చెప్పాడు. వాళ్లూ వెతికారు. పదకొండింటికి అంకె డెబ్బైమూడు.

బీరువాగారు టీ కోసం వెళ్లేసరికి అక్కడ మాటలు టక్కున ఆగిపోయాయి. క్యాషియరు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "మేమంతా మీ వెనకే ఉన్నాం సార్," అని గబగబా వెళ్లిపోయాడు. ఏమిటో అర్థంకాక తిరిగొస్తూ బీరువాగారు టీవీలో తన పేరూ, పక్కనున్న అంకే చూశాడు. పదకొండేళ్ల నిరీక్షణ ఇంకో నాలుగు గంటల్లో తీరబోతుంటే ఎవరో తన పుట్టి ముంచుతున్నారు. ఆ పద్నాలుగూ తన చేతి చలవేనని ఆయనకు తట్టలేదు.

అంతలో భార్య ఫోన్ చేసింది. రిసెప్షనిస్టు జాలిపడి కబురందించిందట.

"ఏమండీ, మిమ్మల్ని సస్పెండ్ చేశారటగా."

"ఇంకా లేదు."

"ఇంకా లేదంటే చేస్తారనేగా. మా అన్నయ్యకు చెప్పాను, మాట్లాడండి."

అన్నయ్యగారు ఒక లాయరు దగ్గర గుమాస్తా. "బావా, వాళ్లేం అడిగినా మీరు నోరు విప్పకండి," అన్నాడు.

"ఇంటర్వ్యూలో నోరు విప్పకపోతే ఎలా బావా?"

"ఇంటర్వ్యూ అని వాళ్లంటున్నారు."

బీరువాగారికి ఏడుపొక్కటే తక్కువ. అప్పుడొక ఆలోచన వచ్చింది. వేరేవాళ్ల పేర్లు పైకి లేస్తే తన పేరు కిందికి దిగుతుంది. కంపెనీలోని పేర్లన్నీ ఆయనకు కంఠతా వచ్చు. రికార్డుల గది తలుపు గడియపెట్టి, ఒక్కో పేరూ కొట్టి, వేలు నొప్పెట్టేదాకా మీట నొక్కడం మొదలుపెట్టాడు. టీవీలో తన పేరు చూసుకుని క్యాషియరు ముఖం పాలిపోయింది. తన మీద ఏముందో తెలుసుకుందామని తన పేరే వెతికాడు, ఒకసారితో నమ్మకం కుదరక ముప్ఫైసార్లు వెతికాడు. రిసెప్షనిస్టుదీ అదే పని. ఒంటిగంటకల్లా ఆఫీసులో పని ఆగిపోయి, ఎవరి పేరు వాళ్లు వెతుక్కుంటూ కూర్చున్నారు. రెండున్నరకు బీరువాగారి పేరు జాబితాలోంచే మాయమైంది. ఆయన ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, మూడింటికి మేనేజరు గదిలోకి వెళ్లాడు.

"మీ మీద విచారణా? ఎవరండీ చెప్పింది? అలాంటిదేం లేదు, కూర్చోండి," అన్నాడు మేనేజరు నవ్వుతూ. బీరువాగారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. బావగారి సలహా గాలికొదిలేసి, అడక్కుండానే తను చేరిన తేదీ చెప్పేశాడు.

"ఆ తేదీతో ఇప్పుడు పనిలేదులెండి. ఇందాకే హెడ్డాఫీసు నుంచి ఫోనొచ్చింది, ఒకటే మెచ్చుకోలు. మిగతా బ్రాంచీల్లో ఈ సాఫ్ట్‌వేర్‌ని రోజుకు పదిమంది కూడా ముట్టుకోవట్లేదట. మన దగ్గర ఒక్క పూటలో నాలుగువేలసార్లు వాడారు. ఎవరి రికార్డు వాళ్లే తీసుకుంటున్నప్పుడు మీ బ్రాంచికి రికార్డుల విభాగాధిపతి దేనికన్నారు."

"అంటే ఆ పోస్టు..."

"ఎత్తేశారు."

"మరి నేనండీ?"

"మీరుంటారు. బీరువాలన్నీ ఖాళీ చేయించాలి కదా. ఏ కాగితం ఎక్కడుందో మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

బీరువాగారు ఇంటికి వెళ్లేసరికి భార్యా, బావగారూ వాకిట్లోనే నిలబడి ఉన్నారు. సస్పెండ్ చేయలేదని చెప్పి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు. ఇన్నేళ్ల చాకిరీకి దక్కింది ఇదా అని ఆయనకే తన మీద జాలేసింది.

"పోనీలెండి, ఉద్యోగం నిలిచింది. మరి ఆ పోస్టు ఎవరికిచ్చారు?" అంది భార్య.

"కంప్యూటరుకి."

"అది మీకన్నా సీనియరా?" అని అడిగింది ఆవిడ.