ఇయాసు నోట్లో ముక్క

శనివారం పొద్దున కెజయా వేసుకున్న పథకం సాదాసీదాది. ఏడాదిన్నర కొడుకు ఇయాసును తల్లి ఇసిల్డ ఇంట్లో దింపి, పోర్టు మరియా బజారుకు వెళ్ళి కూరలు తెచ్చుకోవాలి. అసలు సంగతి సోమవారానిది. ఆ రోజు లైబ్రరీలో ఆమె కొత్త ఉద్యోగంలో చేరాలి. పాలు మానిన పిల్లాడిని అమ్మమ్మే చూసుకోవాలి. భర్త బెనాయా రాస్తఫారి మతస్థుడు, రాస్తాల నియమాలు తు.చ. తప్పడు. ఇంట్లోకి మాంసం, ఉప్పు రానివ్వడు.

"మీ అమ్మ ఈ ఒక్కరోజూ వాడికి ఆకులూ కాయలే పెడితే సరే. తేడా వచ్చిందో, ఉద్యోగం మాట మర్చిపో," అన్నాడు.

జమైకాలో శనివారం అంటే ప్రతి ఇంటా మాంసం సూపు ఉడికే రోజు. బెనాయాకు మనసు ఆగలేదు. మధ్యాహ్నం అత్తగారి కంచె మీంచి తొంగిచూశాడు. చూసి కొయ్యబారిపోయాడు. మెట్ల మీద ఇయాసు గోధుమరంగు ముక్క నములుతున్నాడు, మసాలా మోచేతిదాకా కారుతోంది.

"హమ్మో! నా కొడుకు నోట్లో ముక్క!"

పక్కింటి చర్చి పెద్ద, డీకన్ లాసెల్స్‌కు అంతవరకే వినబడింది. గొంతుకు అడ్డం పడిందనుకున్నాడు పాపం. ముసలాయన కంచె దూకి, పిల్లాడిని తలకిందులు చేసి వీపు మీద చరచసాగాడు. పిల్లాడు ఆరున్నొక్క రాగం అందుకున్నాడు. దారిన పోయే టాక్సీ ఆగింది. "ఆస్పత్రికి పదండి!" అంటూ డ్రైవరు తలుపులన్నీ తెరిచాడు. లోపలున్న నలుగురు ఆడవాళ్ళూ దిగి ప్రార్థన గీతం మొదలుపెట్టారు.

కెజయా వచ్చేసరికి కొడుకు తలకిందులు, మొగుడి చేతులు నెత్తి మీద, గుమ్మంలో పాట. ఆమె చేతిలో సంచీ జారి గుమ్మడికాయ దొర్లిపోయింది. డీకన్ పిల్లాడిని తిన్నగా నిలబెట్టాడు. వాడు ఏడుపు ఆపి, "ఇంకా," అన్నాడు.

"ఇంకా కావాలట! మేక మాంసం రుచి మరిగాడు!" అని అరిచాడు బెనాయా.

"అమ్మా! ఒక్కరోజు ఆగలేకపోయావా? నా ఉద్యోగం పోయినట్టే!" కెజయా భోరుమంది.

"నన్ను నోరు తెరవనిస్తేగా!" ఇసిల్డ గిన్నె పట్టుకొచ్చింది. "అల్లుడా, నోట్లో వేసుకుని చెప్పు, మాంసమో కాదో."

"పుట్టి బుద్ధెరిగి నా నాలుక మాంసం ఎరగదు! సరే, బిడ్డ కోసం ఈ పాపం నాకే."

కళ్ళు మూసుకుని నమిలాడు. నుదురు ముడిపడింది.

"ఇది మేక కాదు."

"నిజంగా?" అంది కెజయా.

"ఒట్టు. మేకైతే ఇంత పీచుగా ఉండదు. కూడలిలో పాన్సీ కొట్టులో చూడు, ఎముక నుంచి దానంతటదే ఊడొస్తుంది. శుక్రవారాలైతే ఇంకా..."

పాట ఆగిపోయింది. టాక్సీ డ్రైవరు కూడా దిగి వచ్చాడు.

"సోయా ముక్కలు నాయనా," ఇసిల్డ ఖాళీ ప్యాకెట్టు చూపింది. "నీ మాట కోసమని ఉప్పు కూడా వెయ్యలేదు."

"శుక్రవారాలు మీ రాస్తా సంఘం పని అన్నావు కదూ?" కెజయా మెల్లగా అడిగింది.

సోమవారం ఎనిమిదింటికల్లా ఆమె లైబ్రరీలో ఉంది. ఇసిల్డ వంటింట్లో ఆవిడ కాపలా మధ్య భోంచేసేవాళ్ళు మాత్రం ఇద్దరయ్యారు: మనవడు, అల్లుడు.