రొదాంతి మొదటి మొగుడు

పండుగ ముందురోజు నేను వాకిట్లో రాళ్ళ సందులకు సున్నం వేస్తున్నాను. సగం వేశానో లేదో, ఒకాయన పెద్ద పెట్టె ఈడ్చుకుంటూ వచ్చి సరిగ్గా తడి సున్నం మీద నిలబడ్డాడు. వెనకాల ఆయన భార్య చెప్పులు చేతిలో పట్టుకొని, పొడి రాళ్ళు చూసుకుంటూ వచ్చింది. ఇద్దరిలో ఎవరికి దారి తెలుసో నాకప్పుడే అర్థమైంది.

మా మేడ మీద గది అద్దెకిస్తాం. మా అమ్మ జంబేతా ఎదురెళ్ళి, "రండి, రండి. నీ పేరేమిటి బాబూ?" అంది.

ఆయన నోరు తెరిచేలోపు వీధిలో ఎవరో "పాంతేలీ!" అని కేకేశారు. వంటింట్లోంచి మా నాన్న పలికాడు. రేవులోంచి పడవ పాంతేలిస్ పలికాడు. ఎదురింట్లోంచి రొట్టెల పాంతేలిస్ పలికాడు. చెవిటి పాంతేలిస్ ఒక్కడే పలకలేదు.

"ఏమిటిది, అందరిదీ ఒకటే పేరా?" అన్నాడాయన, పెట్టె కింద పెట్టి.

"మా తీలోస్ దీవిని కాచేది పునీత పాంతెలేయిమోన్ కదా, అందుకే ఇంటికో పాంతేలిస్. రేపే పండుగ. ఆ పేరున్న ప్రతివాడి ఇంటికీ ఊరంతా వస్తుంది. పిలుపులూ గిలుపులూ ఉండవు. వచ్చినవాళ్ళకి వాడే పెట్టాలి, వాడే పోయాలి. ఇంతకీ నీ పేరు?"

"మి... మిల్తోస్," అన్నాడు.

ఆయన భార్య తలతిప్పి, అంగట్లో కొత్తరకం పండును చూసినట్టు చూసింది ఆయన్ని. "అవునక్కా, మిల్తోసే. నేను రొదాంతిని," అంది.

కాసేపటికి వాళ్ళ కిటికీ కింద సున్నం వేస్తుంటే మాటలు వినపడ్డాయి. వినాలని వెయ్యలేదు. కాకపోతే ఆ మూల రెండోసారి కూడా వేశాను.

"మిల్తోస్ ఎవడు?"

"నెమ్మదిగా! రేపొక్కరోజు నేను మిల్తోస్‌ని."

"ఎందుకో?"

"ఎందుకా? పెళ్ళయిన దగ్గర్నుంచీ నా పేరు పండుగనాడు నేను కూర్చుని తిన్నది లేదు రొదాంతీ! మీ అమ్మ, మీ అన్నలు, మీ అన్నల బావమరుదులు. పోయినేడు పళ్ళెంలో నాకు ఆలివ్ గింజలు మిగిల్చారు. ఈ ఒక్క ఏడైనా నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని నా భోజనం నేను తింటాను."

"అంటే ఈ విహారం నాకోసం కాదన్నమాట."

"నీకోసమే! సిమీ దీవి చూపించలేదూ? నిసిరోస్ దీవి చూపించలేదూ?"

"సిమీలో మెట్లెక్కుతుంటే సగంలో దింపేశావు. నిసిరోస్‌లో అగ్నిపర్వతం నోరు చూస్తానంటే, పొగ కనపడిందిగా చాల్లే అన్నావు. మా అమ్మ కనిపెడుతుందని పూటకో రేవు మార్చావు. సముద్రం చప్పుడు విందామని నా ఫోన్ కూడా కట్టేయించావు."

"వినపడలేదా మరి?"

"వినపడింది, నీ గురక ఆగినప్పుడు."

ఆయన లారిసా మైదానంలో పుట్టి, పెళ్ళయ్యాక రోడ్స్ పట్నానికి వచ్చి గచ్చు పలకలు అమ్ముకునే మనిషట. దీవుల పండుగలు తెలియవు. "చివరి దీవిని ఎంచుకున్నది నువ్వేగా. ఇక్కడింత పండుగని నీకూ తెలియదా?" అన్నాడు.

"నాకేం తెలుసు?" అంది రొదాంతి.

రోడ్స్‌లో పుట్టి మా పండుగ తెలియనివాళ్ళుంటారా అని ఆలోచిస్తూ ఆ మూల మూడోసారి వేశాను.

మధ్యాహ్నం అమ్మ ద్రాక్షాకుల్లో బియ్యం చుడుతుంటే రొదాంతి సాయానికి కూర్చుంది. పక్కనే ఆయన ఊజో సారా చప్పరిస్తున్నాడు.

"పెళ్ళయి ఎన్నాళ్ళయిందమ్మాయ్?" అంది అమ్మ.

"ఎవరితో అక్కా?"

అమ్మ చేతిలో ఆకు ఆగిపోయింది. "అదేమిటే!"

"ఈ మిల్తోస్ కొత్త. పాంతేలిస్ నా మొదటి మొగుడు."

ఆయనకు పొరబోయింది.

"అయ్యో తల్లీ, పోయాడా?"

"పోలేదక్కా, మాయమయ్యాడు. మంచోడే, కానీ ఎక్కడికి తీసికెళ్ళినా ఏదీ చూడనిచ్చేవాడు కాదు."

"పాపం, ఆయనకేదో కారణం ఉంటుంది," అన్నాడాయన.

"వాడి మీద నీకెందుకంత జాలి మిల్తోస్?"

"అవును, నీకెందుకు?" అంది అమ్మ.

"గురకొకటక్కా. పడవ సైరన్ నయం."

"అంతేం పెద్దది కాదు!" అన్నాడు.

అమ్మ కళ్ళు చిన్నవి చేసింది. "నీకెలా తెలుసు నాయనా?"

గంటలోపే ఊరంతా తెలిసింది. రొట్టెల పాంతేలిస్ ఆయనకు మాడిన రొట్టె ఇచ్చాడు. "పాంతేలిస్ కాపురం కూల్చినవాణ్ణి నా పడవెక్కించను," అన్నాడు పడవ పాంతేలిస్. ఎప్పుడూ ఏదీ వినపడని చెవిటి పాంతేలిస్‌కు కూడా ఇది వినపడింది.

రొదాంతి మీద మాత్రం అందరికీ జాలే. సాయంత్రం పాడుబడ్డ పాత ఊరు చూపించారు. మరుగుజ్జు ఏనుగుల ఎముకలు దొరికిన గుహకు నేనే తీసుకెళ్ళాను. ఆమె ప్రతి రాయినీ ముట్టుకుని చూసింది.

"ఏనుగు ఇంత చిన్నదెలా అయింది?"

"దీవిలో తిండీ చోటూ చాలకట," అన్నాను.

"మరి మావాడు ఎంత చోటు చాలకపోయినా చిన్నవాడు కాలేదే!" అని నవ్వింది. తర్వాత చాలాసేపు ఆ గుహనే చూస్తూ నిలబడి, "ఇక్కడ ఇంకో వారముంటే బాగుణ్ణు," అంది. ఆ మాట మాత్రం నవ్వుతూ అనలేదు.

పండుగనాడు పొద్దున్నే రొదాంతి ఫోన్ తెచ్చి అమ్మ మోచేతి పక్కన పెట్టింది. కట్టేసిందన్న ఫోన్ చూస్తే ప్రాణంతోనే ఉంది. "స్నానం చేసొస్తానక్కా. మోగితే ఎత్తండి. మీకు తెలిసిందే చెప్పండి."

మోగనే మోగింది.

"రొదాంతా? స్నానం చేస్తోందమ్మా. పాంతేలిసా? ఇక్కడ పాంతేలిస్ లేడే. మిల్తోస్ అని ఒకాయనున్నాడు, ఒకే గది..."

ఫోన్లోంచి వచ్చిన కేకకు బల్ల మీది పిల్లి గోడెక్కింది.

అప్పుడే మేడ దిగొచ్చిన ఆయన, "ఎవరు?" అన్నాడు.

"ఆవిడ తల్లి. కొడుకుల్ని తీసుకుని పడవెక్కుతోందట. మిల్తోస్ ఎవడో చూడాలట."

ఆయన ముఖం నా సున్నం కంటే తెల్లబడింది. తల తుడుచుకుంటూ వచ్చిన భార్యతో, "వాళ్ళకు ఫోన్ చేసి చెప్పవే!" అన్నాడు.

"ఏమని చెప్పను? నువ్వెవరో నువ్వే తేల్చుకో. మిల్తోస్‌వైతే మా అన్నలు తంతారు. పాంతేలిస్‌వైతే భోజనం పెట్టాలి."

"ఇంకో దారి లేదా?"

"ఉంది. పాంతేలిస్‌వైతే మనం ఇక్కడ ఇంకో వారం ఉంటాం. ఈ దీవి కోట ఎక్కుతాం. పూర్తిగా."

మా నాన్న మేక మాంసం కలియబెడుతూ, "తొందరగా తేల్చుకో బాబూ. డాక్టరు కూడా పండుగ సెలవులో ఉన్నాడు," అన్నాడు.

మధ్యాహ్నం దాకా ఆయన తేల్చుకుంటూనే ఉన్నాడు. అంతలో రేవులో పడవ సైరన్ మోగింది.

"నేనే," అన్నాడు నేల చూస్తూ. "ఆ మొదటివాణ్ణి."

అమ్మ ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది. "అయ్యో, ముందే చెప్తే నీకూ ఒక మేకను కోసేవాళ్ళం కదా!"

రొదాంతి ఆయన చొక్కా కాలర్ సరిచేసింది. "వెళ్ళు. అమ్మ సంచీలు బరువుగా ఉంటాయి."

"నిండు నూరేళ్ళు బతుకు, పాంతేలిస్!" అన్నాడు మా నాన్న. వీధిలోంచి రొట్టెల పాంతేలిస్ కూడా అదే కేకేశాడు, ఎంతమందికి వండాలని అడిగాడు.

ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుని, గడప దాటి రేవు వైపు నడిచాడు.