ఎవరా సల్ఫేటు?

ఆ ఉదయం గుసగుస వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున రసాయనశాస్త్రం పాఠం ఒక్కసారి పైకి చెప్పుకోవాలి. తర్వాత బడికి వెళ్ళి, తరగతి ముందు నిలబడి, అదే చెప్పేసి వచ్చి కూర్చోవాలి. పదో తరగతికి వచ్చినా ఆ పిల్ల గొంతు పక్కనున్న వాళ్ళకు సరిగ్గా వినిపించింది లేదు. గుసగుస అన్న పేరు రావడానికి కారణం అదే. "రాసి చూపిస్తే కుదరదమ్మా. ఈసారి నోటితో చెప్పు. లేదంటే సైన్సు పోటీకి నీ బదులు ఇంకొకర్ని పంపుతాను" అని మాస్టారు తేల్చేశారు. ఆ పోటీకి వెళ్ళాలని గుసగుసకు ప్రాణం కొట్టుకుంటోంది.

సమీకరణాలు గుర్తుండటానికి ఆమెకో చిట్కా ఉంది. ఇవాళ్టి పాఠం బేరియం క్లోరైడుకు సోడియం సల్ఫేటు కలపడం. అందులో బేరియానికి రెండు చేతులు. ఒక్కో చేత్తో ఒక్కో క్లోరిన్‌ను పట్టుకుని ఉంటుంది, కవల పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని తిరిగే తన అక్కలాగా. కాబట్టి బేరియం అక్క, క్లోరిన్లు కవలలు. సల్ఫేటు చోట బావ ఉండాలి గానీ, కనిపిస్తే చాలు ఆటపట్టించే బావ మాట ఎత్తడానికి స్నానాలగదిలో కూడా సిగ్గే. అందుకని సల్ఫేటును సల్ఫేటుగానే ఉంచేసింది.

ఉన్నట్టుండి కుళాయిలో నీళ్ళు ఆగిపోయాయి. కళ్ళు మూసుకుని చెప్పుకుంటున్న గుసగుస అది గమనించలేదు.

"సల్ఫేటు కనిపించగానే అక్క పిల్లలిద్దర్నీ వదిలేస్తుంది. సల్ఫేటు చెయ్యి పట్టుకుని వెళ్ళిపోతుంది. ఇద్దరూ కలిసి నీళ్ళ అడుగున పడిపోతారు. ఇక విడదీయడం ఎవరి తరమూ కాదు."

తలుపు బయట తన వంతు కోసం నిలబడ్డ నాయనమ్మ చేతిలోంచి తువ్వాలు జారిపోయింది.

"అమ్మాయ్, కొంప మునిగింది! మన పెద్దపిల్ల ఎవడో సల్ఫేటుతో వెళ్ళిపోతోందట!"

"వాడెవడు అత్తయ్యా?" అమ్మ గరిటెతో సహా వచ్చింది.

"నాకేం తెలుసు? పేరు వింటేనే తెలియడం లేదూ, ఎలాంటివాడో!"

"ఏ ఊరివాడట?" అన్నాడు నాన్న పేపరు దించి.

"ఊరి సంగతి తర్వాత. ఇద్దరూ నీళ్ళలో పడతారట!"

గుసగుస బయటికి వచ్చేసరికి ఇల్లంతా ఖాళీ. అందరికీ ఏదో పని పడినట్టుందనుకుని ఆమె బడికి బయలుదేరింది.

ముగ్గురూ ముందు వంతెన దగ్గరికి పరిగెత్తారు. నీళ్ళలో బాతులు తప్ప ఎవరూ లేరు. ఊపిరి పీల్చుకుని అక్క ఇంటికి వెళ్ళారు. రాత్రి డ్యూటీ చేసి ఆలస్యంగా లేచిన బావ, సగం గడ్డం గీసుకుని, మిగతా సగానికి తెల్లటి నురగతో తలుపు తీశాడు.

"మా అమ్మాయేది బాబూ?"

"పిల్లల్ని తీసుకుని బడికెళ్ళింది అత్తయ్యా. ఎందుకూ?"

"నువ్వు ధైర్యంగా ఉండాలి" అంటూ అమ్మ అతని కుడిచెయ్యి పట్టుకుంది. విషయం తెలిస్తే ఏ అఘాయిత్యం చేసుకుంటాడోనని నాన్న ఎడమచెయ్యి పట్టుకున్నాడు.

"ఏమైంది మావయ్యా? కాస్త గడ్డమైనా పూర్తి చేసుకోనివ్వండి!"

"గడ్డం ఎక్కడికీ పోదు. పోయేది పెళ్ళామే. నడువ్!" అంది నాయనమ్మ.

బడిలో గుసగుస బోర్డు ముందు కొయ్యబారి నిలబడి ఉంది. సమీకరణం రాసింది గానీ కుడివైపు సోడియం క్లోరైడ్ ముందు అంకె వెయ్యలేదు. "ఎడమవైపు సోడియంలు రెండు, క్లోరిన్లు రెండు. కుడివైపు ఒక్కొక్కటే. మిగతావి ఏమైనట్టు?" అని మాస్టారు అడుగుతున్నారు. జవాబు తెలుసు. చెబుతోంది కూడా, ముందు బెంచీకే వినిపించడం లేదు. పైగా, చెల్లెలి పాఠం చూద్దామని అక్క కవలల్ని చెరో చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

అంతలో బావను ఈడ్చుకుంటూ అందరూ దిగబడ్డారు.

"ఎవడే ఆ సల్ఫేటు?" తరగతి దద్దరిల్లేలా నాయనమ్మ అక్కను నిలదీసింది. "పిల్లల్ని వదిలేసి వాడితో నీళ్ళలో పడతావా?"

అక్క తెల్లబోయింది. బావ నురగకంటే తెల్లబోయాడు. "ఎవరే?" అన్నాడు నీరసంగా. కవలలు ఏడుపు అందుకున్నారు.

గుసగుస బోర్డు వైపు చూసింది, గుమ్మం వైపు చూసింది. నలుగురిలో అక్క పరువు పోతోందన్న కంగారులో తన సిగ్గు సంగతే మరిచిపోయింది.

"సల్ఫేటంటే బావే!"

ఆ అరుపుకు పక్క తరగతి మాస్టారు కూడా తొంగిచూశారు.

"అమ్మా నాన్నా సోడియంలు. బావని చెరో చెయ్యీ పట్టుకున్నారు చూడండి, అది సోడియం సల్ఫేటు. అక్కా కవలలూ బేరియం క్లోరైడు. ఇప్పుడు జతలు మారాలి. అక్కా, వాళ్ళని వదిలెయ్. బావా, నువ్విటు రా. అమ్మా, నువ్వొకణ్ణి ఎత్తుకో. నాన్నా, నువ్వొకణ్ణి. ఒక్కో సోడియానికి ఒక్కో క్లోరిన్. అలాంటి జంటలు రెండు, అందుకే ఇక్కడ రెండు వెయ్యాలి!" సుద్దముక్క విరిగేలా రెండు వేసింది. "అక్కా, బావా, మీరు అవక్షేపం. కింద కూర్చోండి. కరగకూడదు!"

"క్షేమమేగా?" అంది నాయనమ్మ అనుమానంగా.

ఇద్దరూ నేలమీద బుద్ధిగా కూర్చున్నారు. మాస్టారు బావ చెంప వైపు చూసి, "తెల్లని అవక్షేపం" అని సవరించారు.

"మరి నేనెవర్నే?"

గుసగుస నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. "నువ్వు మధ్యలో బాణం గుర్తువి నాయనమ్మా. నువ్వు లేకపోతే ఎటువాళ్ళు అటే."

పోటీకి గుసగుస పేరే వెళ్ళింది. వచ్చేవారం పాఠం దహన చర్యలు. దాన్ని మాత్రం ఇంట్లో పైకి చదవొద్దని మాస్టారు మరీ మరీ చెప్పి పంపారు.