నోరీన్ పాడిన అసలు పాట

ఫింటన్ భార్య నోరీన్ పోయి నెల నిండింది. ఆదివారం ఉదయం ఫింటన్ పెట్టుకున్న పని ఒక్కటే: చర్చిలో నెల పూజ ముగిశాక, పడుచు వయసులో ఆమె పాడిన రికార్డును ఊరికి వినిపించాలి. ఆ పాటనే తర్వాత డబ్లిన్ బ్యాండు ఒకటి హుషారుగా పాడి దేశమంతా మోగించింది. ముందు పాడింది నోరీనని సొంత ఊళ్లోనే ఎవరికీ గుర్తులేదు. ఫింటన్ ఆమెను కలిసేసరికే ఆమెకు నలభై దాటాయి, పాడటం మానేసింది. సిగ్గుపడి రికార్డును ముట్టుకోనిచ్చేది కాదు.

ఆమె పోయాక అటక మీది పాత రికార్డు ప్లేయర్ దింపి రోజూ విన్నాడు. నిదానంగా, బరువుగా ఉంది పాట. చివరి రోజుల్లో జబ్బుతో బొంగురుపోయిన ఆమె గొంతే.

పాట సంగతి చర్చి గాయకబృందాన్ని నడిపే ఇమెల్డాకు ముందే చెప్పడం పొరపాటయింది. ఆవిడ బ్యాండు పాటే అనుకుని డ్రమ్ములవాణ్ణి పిలిపించింది. డ్రమ్ములు దిగడం చూసిన బేకరీ ఆవిడ, ఏకంగా బ్యాండే వస్తోందని అందరికీ చెప్పింది. పక్క ఊళ్ల వాళ్లూ వచ్చిపడ్డారు. పూజయ్యాక పంచడానికి తెచ్చిన శాండ్‌విచ్‌లు అది మొదలవకముందే ఖాళీ.

"బ్యాండేదయ్యా?" పూజ కాగానే ఎవరో అరిచారు.

"బ్యాండు లేదు. మా ఆవిడ ఉంది," అంటూ ఫింటన్ రికార్డు మీద ముల్లు పెట్టాడు.

"ఇదేంటి, మగాడి గొంతు!" అంది ఇమెల్డా.

"ఊరుకోవమ్మా. వాళ్లది గంతుల పాట. పాటంటే ఇదీ."

"నీ మొహం! తప్పు స్పీడులో పెట్టావు, మహానుభావా!"

అడ్డుకునేలోపే ఆవిడ ప్లేయర్ స్పీడు మీట పైకి తోసింది. ఇరవయ్యేళ్ల పిల్ల ఒకతె గలగలా పాడసాగింది. ఆగలేక డ్రమ్ములవాడూ అందుకున్నాడు. బ్యాండు ఏమీ మార్చలేదు, అచ్చం ఆమెనే అనుకరించింది. జనం కళ్లు తుడుచుకుంటూనే చప్పట్లు కొట్టారు.

ఫాదర్ మలాకీ దాచి ఉంచిన శాండ్‌విచ్ ఒకటి తెచ్చి ఫింటన్ చేతిలో పెట్టాడు. "ఇంత బాగా పాడేదని ఎప్పుడూ చెప్పలేదేమయ్యా?"

"నాకు మాత్రం ఏం తెలుసు, ఫాదర్? ఆ అమ్మాయిని నేనెప్పుడూ చూడలేదు."

తలుపు దాకా అందరూ ఫింటన్ చెయ్యి పట్టుకుని అభినందించారు. ఇంటికొచ్చి ఫింటన్ మీటను మళ్లీ కిందికి తోసి, పాట పెట్టి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

అసలు పాట బాగానే ఉంది కానీ, ఆయన కాపురం చేసింది ఈవిడతో.